మిలిటరీ ఆసుపత్రిగా ఉన్న భవనంలో చదువుకోవడం ఎలా ఉంటుంది?

ఒకప్పుడు మిలిటరీ ఆసుపత్రిగా ఉన్న చోట చదవాలంటే భయంగా ఉండదా అని అడిగారు. నేను అమెరికాలో, కొలరాడో రాష్ట్రంలోని అరోరాలో, అలాంటి భవనంలోనే పబ్లిక్ హెల్త్ మాస్టర్స్ చేశాను. ఇప్పుడది యూనివర్సిటీ ఆఫ్ కొలరాడో వాళ్ల ఆన్‌షుట్జ్ మెడికల్ క్యాంపస్. అంతకుముందు ఫిట్జ్‌సిమన్స్ ఆర్మీ ఆసుపత్రి.

చేరిన కొత్తలో ఈ సంగతి ఫోన్‌లో చెబితే మా అమ్మ టెన్షన్ పడిపోయింది. "అక్కడ ఎంతమంది ప్రాణాలు పోయుంటాయో" అంది. పుట్టినవాళ్లు కూడా ఉన్నారమ్మా, అమెరికా విదేశాంగ మంత్రిగా చేసిన జాన్ కెర్రీ 1943లో పుట్టింది ఇక్కడే అన్నాను. ఆయనెవరో అమ్మకి తెలీదు, భయమూ పోలేదు.

తర్వాత అసలు కథ చెప్పాను. 1918లో మొదటి ప్రపంచ యుద్ధంలో విషవాయువు పీల్చిన సైనికుల కోసం, టీబీ సోకినవాళ్ల కోసం ఈ ఆసుపత్రి పెట్టారు. అప్పటికి టీబీకి మందు లేదు. ఎండ, పొడిగాలి, విశ్రాంతి, అంతే. అది వినగానే అమ్మ గొంతు మారింది. వాళ్ల అబ్బని మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియంలో ఉంచారట. పొద్దున్నే మంచం వరండాలోకి లాగేవారట. ఆ రోజు నుంచి ఆ భవనం నాకు పరాయిదిగా అనిపించలేదు.

నేను చదివిన పెద్ద భవనాన్ని 1941 డిసెంబరులో, పెర్ల్ హార్బర్ దాడికి కొద్ది రోజుల ముందు తెరిచారు. కొత్త ఆసుపత్రులు, ల్యాబులు చుట్టూ వేరే భవనాల్లో ఉన్నాయి. ఇందులో ఎక్కువగా ఆఫీసులే. 1995లో మిలిటరీ స్థావరాన్ని మూసేయాలని నిర్ణయించాక, దీన్ని కూల్చకుండా వాడుకోవడం నా దృష్టిలో చాలా మంచి పని.

ఎనిమిదో అంతస్తు తప్పకుండా చూడాలి. 1955లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ గుండెపోటుతో దాదాపు ఏడు వారాలు ఉన్న గదులను అప్పటిలాగే తీర్చిదిద్దారు. ఆయన మేడమీద ఎండలో చక్రాల కుర్చీలో కూర్చున్న ఫొటో ఒకటుంది. విలేకరులు కానుకగా ఇచ్చిన పైజామా వేసుకున్నారు, జేబు మీద "చాలా నయం, థాంక్స్" అని కుట్టి ఉంటుంది. ఆ ఫొటో అమ్మకి పంపితే, "మా అబ్బని కూడా ఇట్లే ఎండలో కూర్చోబెట్టేవాళ్లంట" అని రాసింది.

భయం సంగతంటారా, రాత్రి తొమ్మిదింటికి ఆ పొడవాటి వరండాలో ఒక్కదాన్నే నడిచి వచ్చేదాన్ని. నాకెప్పుడూ భయం వేయలేదు.