బుజ్జికి, పాంక్రియాటిక్ డక్ట్ కొలవబోయే ముందు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే వారం నుంచి నీకు ఈయూఎస్ (నోట్లోంచి స్కోపు దింపి లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్) గదిలో డ్యూటీ వేశారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అప్పటి నుంచి నీకు రాయాలని మనసు పీకుతూనే ఉంది. అన్నీ చెప్పను తల్లీ. చూడ్డానికి చిన్న పనిలా ఉండి, ఏళ్ల తరబడి నాకు పాఠాలు నేర్పిన ఒక్క విషయమే రాస్తాను. పాంక్రియాటిక్ డక్ట్ కొలత, అంటే కడుపు వెనకుండే పాంక్రియాస్ గ్రంథి రసాన్ని పేగులోకి మోసే గొట్టం వెడల్పు.

మామూలు వెడల్పుకి చెప్పే 3-2-1 నీకు కంఠతా వచ్చే ఉంటుంది. పాంక్రియాస్ తలలో 3 మిల్లీమీటర్లు, నడుమ భాగంలో 2, తోకలో 1. గుర్తుకి బాగానే ఉంటుంది గానీ, నువ్వు చూడాల్సింది ఆ అంకెల మధ్య దిగుడు. మంచి డక్ట్ తల నుంచి తోకకి పోతూ తీగ కొసలా సన్నబడిపోతుంది. ఎక్కడా ఉబ్బు ఉండదు, నొక్కు ఉండదు, గోడలు తెల్లగా మెరవవు. అదే 3 తలలో మామూలు, తోకలో జబ్బు. అందుకే చోటు చెప్పకుండా అంకె ఒక్కటే రాసిన రిపోర్టు నాకు చూపించకు.

నేను చేసిన తప్పొకటి చెబుతాను. కొత్తలో ఒక స్కూలు టీచరమ్మకి కడుపు నొప్పి అని ఈయూఎస్ చేశాను. కడుపులోంచి చూస్తుంటే పాంక్రియాస్ వెంబడి అడ్డంగా నల్లటి గొట్టం కనబడింది. తెర మీద కొలిచే కాలిపర్ పెట్టాను, 6 వచ్చింది. డక్ట్ వెడల్పయిందని రాసి పంపించేశాను. ఆ ఇంట్లో వారం రోజులు పొయ్యి సరిగ్గా వెలగలేదట. మళ్ళీ పిలిపించినప్పుడు మా సీనియర్ గారు ఒక్క మాట అనలేదు, రక్తం పారే చోట రంగు చూపించే డాప్లర్ బటన్ నొక్కారంతే. గొట్టం నిండా రంగు పరుచుకుంది. అది స్ప్లీనిక్ వెయిన్, ప్లీహం నుంచి వచ్చే రక్తనాళం. అసలు డక్ట్ దానికన్నా ప్రోబుకి దగ్గరగా, పాంక్రియాస్ మధ్యలో సన్నగా, ఏ దోషమూ లేకుండా ఉంది. ఆ టీచరమ్మ చేతులు పట్టుకుని క్షమించమన్నాను. ఆ రోజు నుంచి డాప్లర్ వెయ్యకుండా ఏ నల్ల గొట్టాన్నీ డక్ట్ అనలేదు. నువ్వూ అనకు.

ఇక చెయ్యి సంగతి. తెర మీద డక్ట్ దారప్పోగంత ఉండగా కాలిపర్ పెట్టకు. ముందు లోతు తగ్గించి బొమ్మ పెద్దది చేసుకో. స్కోపుని నెమ్మదిగా తిప్పుతూ, రెండు గోడలూ రెండు గీతల్లా సమాంతరంగా వచ్చేదాకా ఆగు. అప్పుడు లోపలి గోడ నుంచి లోపలి గోడకి, డక్ట్ పోయే దారికి నిట్టనిలువుగా కొలువు. ఏటవాలుగా కొలిస్తే ఎప్పుడూ ఎక్కువే వస్తుంది, తక్కువ రాదు. పాంక్రియాస్ మెడ దగ్గర డక్ట్ కిందికీ వెనక్కీ ఒంగుతుంది చూడు, ఆ ఒంపులో అసలు కొలవకు. ఒంపు దాటాక తిన్నగా ఉన్న చోట కొలువు. కాలిపర్ గుర్తులతో సహా బొమ్మ సేవ్ చెయ్యి. ఆరు నెలల తర్వాత ఇంకో డాక్టరు అదే చోటుకి వెళ్లి మళ్ళీ కొలవగలగాలి.

తల భాగాన్ని డ్యుయోడినల్ బల్బ్ నుంచి, అంటే కడుపు దాటగానే వచ్చే చిన్నపేగు మొదలు నుంచి చూస్తావు. పిత్తం మోసే బైల్ డక్ట్, పాంక్రియాటిక్ డక్ట్, కాలేయానికి రక్తం తీసుకెళ్ళే పోర్టల్ వెయిన్ ఒకదాని కింద ఒకటి పేర్చినట్టు కనబడితే దారిలో ఉన్నావన్నమాట. కనబడకపోతే కంగారు పడకు గానీ, ఒక్క అనుమానం మనసులో పెట్టుకో. మన పాంక్రియాస్ పిండంలో రెండు మొగ్గలుగా పుట్టి కలుస్తుంది. ఇటలీలో పదువా ఊళ్ళో 1642లో విర్సుంగ్ చూపించిన పెద్ద డక్ట్ ఆ కలయిక ఫలితమే. శాంటోరిని పేరు మోసే చిన్న డక్ట్ వెనక మొగ్గ మిగిల్చిన గుర్తు. నూరుమందిలో అయిదు నుంచి పదిమందికి ఆ రెండు మొగ్గల డక్టులు కలవవు. దాన్నే డివైజమ్ అంటాం. వాళ్ళలో ముందు మొగ్గ నుంచి వచ్చిన కింది డక్ట్ పొట్టిగా సన్నగా ఉండి, పాంక్రియాస్ రసమంతా దాదాపుగా పైనున్న చిన్న పాపిల్లా (డక్ట్ పేగులోకి తెరుచుకునే మొన) గుండా పోతుంది. అక్కడ 3-2-1 నడవదు. పాపిల్లా నుంచి నడుమ భాగం దాకా డక్ట్‌ని వెంబడించలేకపోతే, వెంబడించలేకపోయానని అలాగే రాయి. అది చేతకానితనం కాదమ్మా. ఇంకొకటి, ముందు మొగ్గ నుంచి వచ్చిన భాగం కొంచెం నల్లగా కనబడటం మామూలే. దాన్ని గడ్డ అనుకుని ఎవర్నీ హడలగొట్టకు.

పాత పుస్తకాల్లో 4-3-2 చూస్తావు. అవి ఈఆర్‌సీపీ కొలతలు, అంటే స్కోపు ద్వారా డక్ట్‌లోకి మందు ఎక్కించి ఎక్స్‌రే తీసి కొలిచినవి. మందు ఎక్కించినప్పుడు డక్ట్ సాగుతుంది, ఎక్స్‌రే బొమ్మ పెద్దదవుతుంది. మేమయితే ఫిల్ములో పడిన స్కోపు మందంతో పోల్చి లెక్క సరిచేసుకునేవాళ్ళం. పోయినేడు ఈఆర్‌సీపీలో 4, ఈసారి ఈయూఎస్‌లో 3 వస్తే తగ్గిందని రోగికి చెప్పకు. ఏ పద్ధతిలో కొలిచావో అంకె పక్కనే రాయి. కొలత కోసమే ఈఆర్‌సీపీ చేసే రోజులు పోయాయి, పోవడమే మంచిది. దాని వల్ల వచ్చే పాంక్రియాటైటిస్‌తో (పాంక్రియాస్ వాపుతో) మంచాన పడ్డవాళ్ళని చూశాను.

హద్దులు తెలిసి ఉండాలి. దీర్ఘకాలపు వాపు, అంటే క్రానిక్ పాంక్రియాటైటిస్‌కి ఈయూఎస్‌లో వాడే రోజ్‌మాంట్ లెక్కలో నడుమ భాగంలో 3.5, తోకలో 1.5, ఆ పైన వెడల్పయినట్టే. ఐపీఎంఎన్ (డక్ట్‌లో జిగురు ఊరించే, కాన్సర్‌గా మారగల గడ్డ) అనుమానం ఉన్నవాళ్ళలో 5 నుంచి 9 అంటే జాగ్రత్త పడాలి, 10 గానీ ఆ పైన గానీ ఉంటే సర్జన్‌తో మాట్లాడాలి. 4.8కీ 5కీ మధ్య ఒక మనిషి నిద్ర ఉంటుంది, అందుకే మూడుసార్లు కొలవమంటాను. వయసు మీద పడ్డవాళ్ళకి డక్ట్ నున్నగానే కొద్దిగా వెడల్పవుతుంది. డెబ్బై దాటిన తాతగారికి నడుమ భాగంలో 3 ఉంటే, సన్నబడటం సవ్యంగా ఉందా, తలలో అడ్డమేదైనా ఉందా అని ఓపిగ్గా చూడు. మన దక్షిణాదిలో చిన్న వయసులోనే డక్ట్ నిండా రాళ్ళతో వచ్చే పిల్లలు కూడా నీకు తారసపడతారు. వాళ్ళ దగ్గర కొలత తేలిక, ఇంట్లోవాళ్ళకి చెప్పడమే కష్టం.

మొదటి నెల నువ్వు తీసిన బొమ్మలు రోగుల పేర్లు తీసేసి దాచి ఉంచు. సంక్రాంతికి వస్తావుగా, భోగి నాడు మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.

నీ పెద్దమ్మ