మెత్తటి నీళ్లు రాయిని అరగదీయడం, వానకి నేల కోసుకుపోవడం ఎలా?

ఈ రెండూ ఎలా జరుగుతాయని అడిగారు. రెండోది నా కళ్లారా చూశాను కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

మా ఇంటి వెనక కాస్త వాలుగా ఉన్న ఖాళీ జాగా ఉంది. ఒక ఏడాది వానలకి ముందు కలుపంతా వేళ్లతో సహా పీకించేశాను. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు చూస్తే, సున్నం వేసిన గోడ మీద మోకాలెత్తు దాకా బురద చుక్కలు! పారే నీళ్లు ఆ గోడని తాకనే లేదు. అదంతా చినుకులు ఎగరగొట్టిన మట్టి. వంగి చూస్తే ఇంకో వింత. గులకరాళ్లు ఒక్కొక్కటీ చిటికెన వేలి గోరంత మట్టి దిమ్మె మీద నిలబడి ఉన్నాయి. రాయి గొడుగు పట్టిన చోట మట్టి మిగిలింది, చుట్టూ ఉన్నది పోయింది. అంటే ఒక్క రాత్రిలో అంత మందం పోయిందన్నమాట. సెంటీమీటరు మట్టి తయారవడానికి వందల ఏళ్లు పడుతుంది మరి.

అందరూ పారే నీటినే తిడతారు గానీ, పని మొదలుపెట్టేది చినుకే. పెద్ద చినుకు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో పడుతుంది. ఆ దెబ్బకి మట్టిగడ్డ చితుకుతుంది, ఆ మెత్తటి పొడి నేల రంధ్రాలకి అడ్డుపడుతుంది. ఇక నీరు ఇంకక పైపైనే పారుతుంది. ముందు పల్చటి పొరగా, తర్వాత సన్నటి చాళ్లుగా, వదిలేస్తే గండ్లుగా. అంతకుముందు ఆ దెబ్బలన్నీ గడ్డి కాసుకునేది. కూలి ఇచ్చి మరీ దాన్ని తీయించింది నేనే.

ఇక రాయి సంగతి. నదిలో రాయిని అరగదీసేది ఎక్కువగా నీళ్లు కాదు, నీళ్లు మోసుకొచ్చే ఇసుక, గులకరాళ్లు. ఉప్పుకాగితం పెట్టి రుద్దినట్టే. అమెరికాలో కొలరాడో నది గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద లోయని దాదాపు 1.6 కిలోమీటర్ల లోతుకి కోసింది అలాగే, లక్షల ఏళ్లు పట్టింది. గాలి పనీ ఇంతే, కాకపోతే ఇసుక నేలకి దగ్గరగానే గెంతుతుంది కాబట్టి కొన్ని ఎడారి రాళ్లు అడుగున సన్నబడి పుట్టగొడుగుల్లా మిగులుతాయి.

అయితే అంతకంటే ముందే రాయి ఉన్నచోటే బలహీనపడుతుంది. చలి ప్రాంతాల్లో పగుళ్లలోని నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి రాయిని చీలుస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసిన వాన నీటికి కాస్త ఆమ్ల గుణం ఉంటుంది, సున్నపురాయి అందులో కరుగుతుంది. ఇది శైథిల్యం. విరిగింది కొట్టుకుపోవడం క్రమక్షయం. చాలామంది రెండూ కలిపేస్తారు.

ఆ తర్వాత నేను జాగాలో ఎండుటాకులు పరిచి గడ్డిని పెరగనిచ్చాను. మరుసటి ఏడాది గోడ మీద చుక్కలు పాదాల ఎత్తు దాటలేదు. ఇప్పుడు కలుపు పెరిగితే పైపైన కోయిస్తాను, పీకించను.