ఇంటి లోనుకు బీమా తీసుకునే ముందు

చి॥ సౌ॥ మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

చెన్నై పల్లికరణైలో మీరు చూసుకున్న ఫ్లాటుకు 60 లక్షల లోను మంజూరైందనీ, దాంతోపాటు బ్యాంకువారు నాలుగైదు ఇన్సూరెన్సు కాగితాలు ముందు పెట్టి సంతకాలు అడుగుతున్నారనీ నీవు రాసిన ఉత్తరం చేరింది. ఉద్యోగ జీవితమంతా బీమా రంగంలోనే గడిపాను కనుక కొంచెం వివరంగానే జవాబు రాస్తున్నాను. ఏ కాగితం చదివినా ముందుగా ఒక్క సంగతి తేల్చుకో: నష్టం జరిగిన రోజున డబ్బు ఎవరి చేతికి వస్తుంది?

మార్ట్‌గేజ్ గ్యారంటీ, అంటే తనఖా లోనుకు హామీ, అన్న మాట ఎక్కడైనా కనిపిస్తే అది మీకోసం కాదని గ్రహించు. మీరు వాయిదాలు కట్టలేని పరిస్థితి వస్తే బ్యాంకుకు కలిగే నష్టాన్ని గ్యారంటీ ఇచ్చిన సంస్థ భరిస్తుంది. మీ బాకీ మాత్రం మీ మీదే ఉంటుంది. అమెరికాలో మీ అన్నయ్య కడుతున్న పీఎంఐ (ప్రైవేట్ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్) కూడా ఈ కోవకు చెందినదే. అక్కడ సొంత సొమ్ము 20 శాతం కంటే తక్కువ పెట్టినవారి చేత సాధారణంగా దీన్ని కట్టిస్తారు, బాకీ ఇంటి తొలి విలువలో 80 శాతానికి దిగినప్పుడు తీసేయమని అడిగే హక్కును 1998 నాటి చట్టం ఇచ్చింది. ఆ విషయం వాడికీ గుర్తుచేయి.

అసలు జాగ్రత్త పడవలసింది లోన్ ప్రొటెక్షన్ పాలసీ దగ్గర. అప్పు తీసుకున్న మనిషి చనిపోతే మిగిలిన బాకీని బీమా కంపెనీ తీరుస్తుంది, ఇల్లు కుటుంబానికి దక్కుతుంది, ఉద్దేశం మంచిదే. అయితే దాని ప్రీమియాన్ని చాలాచోట్ల ఒకేసారి లెక్కగట్టి లోనులోనే కలిపేస్తారు. ఉదాహరణకు 1,80,000 రూపాయలు అలా కలిపితే, 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లలో మీరు కట్టేది సుమారు 3,75,000 రూపాయలవుతుంది. పైగా కొన్ని పాలసీల గడువు 5 ఏళ్లో 10 ఏళ్లో మాత్రమే ఉంటుంది. రక్షణ ముగిశాక కూడా ఆ ప్రీమియం మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది. ఇదే వడ్డీ లెక్కన 10 ఏళ్ల తరువాత కూడా మీ 60 లక్షల్లో దాదాపు 42 లక్షల బాకీ మిగిలే ఉంటుందని మరచిపోవద్దు. బాకీతో పాటు ఏటా తగ్గుతూ పోయే కవరును, అంటే బీమా మొత్తాన్ని, మొదటి రోజు వడ్డీ రేటు ప్రకారమే నిర్ణయిస్తారు కాబట్టి, రేటు పెరిగితే బాకీకీ కవరుకూ మధ్య తేడా వస్తుంది. ఇంకొకటి, మీ ఇద్దరి జీతాలు చూసి లోను ఇచ్చి, బీమా అల్లుడుగారి ఒక్కరి పేరునే రాసి ఉండవచ్చు. నీ జీతం ఆగిపోయినా ఈఎంఐ కట్టడం కష్టమే కదా.

నా అభిప్రాయం అడిగితే, మీరిద్దరూ విడివిడిగా మామూలు టర్మ్ పాలసీలు, అంటే గడువులోగా మనిషి చనిపోతేనే డబ్బు ఇచ్చే జీవిత బీమా, తీసుకోవడమే మేలు. కవరు తగ్గదు, డబ్బు నామినీకి వస్తుంది, రేపు లోను ఇంకో బ్యాంకుకు మార్చుకున్నా పాలసీ మీ వెంటే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ కూడా లేదు. ఆరోగ్య కారణాల వల్ల టర్మ్ పాలసీ దొరకనివారికి మాత్రం లోను తీసుకున్నవారందరినీ కలిపి బ్యాంకు ఇచ్చే గ్రూప్ పాలసీ ఆసరా కావచ్చు. బ్యాంకు చూపించిన కంపెనీ దగ్గరే కొనితీరాలన్న నిబంధన లేదు. ఆ మాట మర్యాదగానే, రాతపూర్వకంగా చెప్పు.

ఉద్యోగం పోతే ఈఎంఐ కట్టే కవరు సాధారణంగా మూడు వాయిదాలకు మించదు, రాజీనామా చేస్తే అసలు వర్తించదు. దానికి కట్టే ప్రీమియం సొమ్మును విడిగా దాచుకోండి.

ఇంటికి చేసే బీమాను మాత్రం అశ్రద్ధ చేయవద్దు. 2015 డిసెంబరు వరదల్లోనూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సమయంలోనూ మీరు కొంటున్న ప్రాంతం నీళ్లలో మునిగింది. వరద తగ్గాక ఇళ్లకు వెళ్లి చూసినప్పుడు గోడల మీద నడుము ఎత్తున బురద చార, వీధిలో పడేసిన ఫ్రిజ్‌లు, నాని ఉబ్బిన పరుపులు కనిపించేవి. పాలసీ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నవారిలో కొందరికి అది భవనానికే తప్ప సామానుకు వర్తించదని అప్పుడే తెలిసింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో భవనంతో పాటు సామానును కూడా ఎంచుకుంటే, జాబితా ఇవ్వకపోయినా భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు సామానుకు వర్తిస్తుంది. నగలకు విడిగా తీసుకోవాలి. బీమా మొత్తాన్ని ఫ్లాటు కొన్న ధర మీద కాక తిరిగి కట్టడానికయ్యే ఖర్చు మీద లెక్కించాలి, ఎందుకంటే నేల విలువకు బీమా ఉండదు. 900 చదరపు అడుగులకు అడుగుకు 2,500 చొప్పున 22.5 లక్షలు చాలినచోట కొన్న ధర 75 లక్షలకు ప్రీమియం కట్టడం వృథా. అపార్ట్‌మెంటు సంఘం భవనమంతటికీ పాలసీ తీసుకుందేమో కూడా విచారించు.

ప్రతిపాదన పత్రాన్ని ఏజెంటు చేత నింపించక మీరే నింపండి. అల్లుడుగారి బీపీ మాత్రల సంగతి తప్పక రాయండి. దాచిన విషయం బయటపడితే మొదటి మూడేళ్లలో క్లెయిమును తిరస్కరించే వీలు కంపెనీకి ఉంటుంది. జీవిత బీమా పాలసీ అందాక నచ్చకపోతే 30 రోజుల్లోగా వెనక్కి ఇవ్వవచ్చు. ఫిర్యాదు చేసి 30 రోజులైనా కంపెనీ పలకకపోతే ఇక్కడ చెన్నైలోనే బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ కార్యాలయం ఉంది, అక్కడ రుసుము ఏమీ ఉండదు.

శాంక్షన్ లెటరు, ఇన్సూరెన్సు పత్రాల నకళ్లు నాకు పంపు. నేను చదివి చెప్పేవరకు సంతకం వాయిదా వేయి.

ఆశీస్సులతో,
పెదనాన్న