మెరిసే పట్టీ, తడిసిన కోటు: అగ్నిమాపక దుస్తులపై మీ ప్రశ్నలు

ప్రశ్న: ఫైర్ కోటు పట్టీలో అటూ ఇటూ పసుపు, మధ్యలో వెండి గీత ఎందుకు? ఒకటే రంగు చాలదా?

జవాబు: పగటికి పసుపు, రాత్రికి వెండి. నిమ్మపసుపు ఫ్లోరసెంట్ గుడ్డ కంటికి ఆనని అతినీలలోహిత కిరణాలను పీల్చుకుని, కంటికి ఆనే వెలుగుగా వదులుతుంది. మబ్బు పట్టిన పూట, సందె వేళ మామూలు పసుపు కన్నా కొట్టొచ్చినట్టు కనబడేది అందుకే. చీకటి పడ్డాక దానికి పీల్చుకోవడానికి ఏమీ ఉండదు. అప్పుడు వెండి గీత వంతు. దాని మీద విడిగా కనబడనంత సన్నటి గాజు పూసలు పరిచి ఉంటాయి. పూసలోకి దూరిన వెలుగు వెనకున్న అద్దపు పూతకు తగిలి, వచ్చిన దారినే తిరిగిపోతుంది. కాబట్టి ఆ మెరుపు దక్కేది లైటు పక్కనే కళ్ళున్నవారికి, అంటే డ్రైవరుకు, టార్చి పట్టుకున్న తోటివారికి. పక్కనుంచి చూసేవారికి అది బూడిదరంగు గుడ్డే. పూసలు పైకి తేలి ఉండే రకాల్లో నీటి పొర కట్టినా మెరుపు తగ్గుతుంది. దట్టమైన పొగలోనైతే టార్చి వెలుగు పట్టీ దాకా చేరనే చేరదు. అక్కడ దాన్ని నమ్ముకోకండి.

ప్రశ్న: పట్టీ చూడ్డానికి బాగానే ఉంది. మార్చాలో వద్దో ఎలా తేల్చాలి?

జవాబు: పగటి వెలుతురులో తేలదు. చీకట్లో కోటును వేలాడదీసి, పక్కనే కొత్త పట్టీ ముక్క పెట్టండి. సుమారు 12 మీటర్ల దూరం నుంచి, టార్చిని కణతకు ఆనించి వెలిగించండి. నడుం దగ్గర పట్టుకుని వేస్తే కొత్త ముక్క కూడా మసకగానే కనబడుతుంది, పరీక్ష దండగ. పాతది బాగా మందగిస్తే ఒకసారి కడిగి మళ్ళీ చూడండి. మసి అయితే పోతుంది, పూసలు రాలిపోతే పట్టీ మార్చడమే. మోచేతుల దగ్గర, ప్యాంటు అంచుల్లో ముందుగా పోతుంది. కొత్తది కుట్టేది ఆరమిడ్ (తేలిగ్గా మంటంటుకోని నూలు) దారంతోనే, అదీ కోటు మూడు పొరల్లో పై పొర వరకే. సూది నీటిని ఆపే నడిమి పొరలోకి దిగిందంటే అక్కడ నీరు కారుతుంది.

ప్రశ్న: కోటు ఎక్కడా కాలలేదు, చిరగలేదు. కానీ చేతి మీద సరిగ్గా పట్టీ కింద, ఇంకా భుజాల మీద బొబ్బలు లేచాయి. కోటు నాసిరకమా?

జవాబు: అలా అనలేం. కోటులో మూడు పొరలుంటాయి. పైది ఆరమిడ్ నేత. నడిమిది బయటి నీటిని ఆపి, లోపలి చెమట ఆవిరిని వదిలే పలుచని మెంబ్రేన్. లోపలిది మెత్త పెట్టి కుట్టిన లైనింగు. వేడిని ఎక్కువగా ఆపేది ఆ మెత్తలో, పొరల మధ్య చిక్కుకున్న గాలి. కదలని గాలి కన్నా నీరు 20 రెట్లకు పైగా సులువుగా వేడిని మోస్తుంది. చెమటతో లైనింగు తడిసి, ఆ తడి వేడెక్కి ఆవిరైతే, బయటి గుడ్డ చెక్కుచెదరకుండానే లోపల చర్మం ఉడుకుతుంది.

పట్టీ ఆ ఆవిరిని బయటికి పోనివ్వదు, పైగా వేడిని పట్టి ఉంచుకుంటుంది. మోచేయి మడవగానే కాగిన గుడ్డ చర్మానికి అదుముకుంటుంది. బొబ్బ లేచేది అప్పుడే. సన్నటి రంధ్రాలున్న పట్టీలు వచ్చింది ఇందుకే. వేడి నుంచి బయటపడ్డాక కూడా కాసేపు చేతులు కట్టుకోకండి, కోటు మీద తట్టకండి. భుజాల సంగతి వేరు. బ్రీతింగ్ సెట్ (వీపున మోసే గాలి సిలిండరు) బెల్టులు మెత్తను నొక్కి గాలిని తోసేస్తాయి. మోకాళ్ళ మీద పాకినా అంతే. బిగుతు కోటుతో ఈ ఇబ్బంది ఒళ్ళంతా ఉంటుంది.

అమెరికా అగ్నిమాపక దుస్తుల ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 1971 (అది ప్రమాణం సంఖ్య, సంవత్సరం కాదు; ఇప్పుడది ఎన్ఎఫ్‌పీఏ 1970లో కలిసింది) అడిగిన కనీస ఉష్ణ రక్షణ విలువ 35. చదరపు మీటరుకు 84 కిలోవాట్ల వేడి తగిలితే, రెండో డిగ్రీ (బొబ్బలెక్కే) కాలిన గాయం కావడానికి సుమారు 17.5 సెకన్లు పడుతుందని దానర్థం. అదీ ప్రయోగశాలలో పరిచిన గుడ్డకు. దాన్ని లోపల ఉండే గడువు అనుకోవద్దు, తప్పించుకునే గడువది.

ప్రశ్న: బ్లీచ్ వేస్తే మసి బాగా వదులుతోంది, ఎండలో త్వరగా ఆరుతోంది. తప్పేమైనా ఉందా?

జవాబు: రెండూ తప్పే. క్లోరిన్ బ్లీచ్ ఆరమిడ్ నూలును తినేస్తుంది, ఎండ దాని బలం తీసేస్తుంది. నీరు 40 డిగ్రీలు దాటకూడదు. తేలికపాటి డిటర్జెంటు చాలు, సాఫ్ట్‌నర్ వద్దు. పై పొరను, మెంబ్రేన్‌తో కలిసి ఉన్న లోపలి లైనింగును విడదీసి, హుక్కులు, జిప్పులు వేసి, తిరగేసి ఉతికి నీడలో గాలికి ఆరేయండి. ఇంటి మెషీన్లో మాత్రం వేయకండి, మసిలోని విషాలు ఇంట్లోవాళ్ళ బట్టలకు అంటుతాయి.

ఆరాక మెంబ్రేన్‌ను పరీక్షించండి. మెంబ్రేన్ పైకి, మెత్త కిందికి వచ్చేలా లైనింగును బకెట్ మీద గిన్నెలా పట్టండి. ఒక వంతు రబ్బింగ్ ఆల్కహాల్ (మందుల దుకాణంలో దొరికే స్పిరిట్), 6 వంతుల నీరు కలిపి ఒక కప్పు పోసి 3 నిమిషాలు ఆగండి. కింది మెత్త తడిస్తే మెంబ్రేన్ చిల్లిపడినట్టే. భుజాలు, మోకాళ్ళు, కూర్చునే భాగం తప్పక చూడాలి.

ప్రశ్న: రోడ్డు ప్రమాదానికి వెళ్తే కోటు పట్టీలు చాలవా?

జవాబు: చాలవు. పైన హై-విజిబిలిటీ వెస్టు వేసుకోండి, లాగితే ఊడివచ్చే రకం. వాహనానికి చిక్కుకుంటే మనిషిని ఈడ్చుకుపోకుండా వెస్టు ఊడిపోతుంది. మంట కనబడితే ముందు దాన్ని తీసేయండి. మామూలు వెస్టు పాలియెస్టర్, కరిగి కోటుకు అతుక్కుంటుంది.