పోర్చుగల్ ఫుట్‌బాల్ కింది లీగుల్లో స్ట్రైకర్‌గా ఆడుతూ బతకవచ్చా?

లిస్బన్ దగ్గర ఒక జిల్లా క్లబ్బులో ఫార్వర్డ్‌గా, అంటే గోల్స్ కొట్టే స్ట్రైకర్‌గా ఆడుతున్న మీ తమ్ముడు, కింది లీగుల నుంచి ఇంగ్లండ్ దాకా ఎదిగిన ఫుట్‌బాల్ ఆటగాడు బెటో కథ చదివి, రెస్టరెంట్ ఉద్యోగం మానేస్తానంటున్నాడని రాశారు. నా సలహా ముందే చెబుతాను: ఆడనివ్వండి, ఉద్యోగం మాత్రం మాననివ్వకండి.

లిస్బన్‌కు నది అవతల ఉన్న మోంటిజోలో, ఒక గిడ్డంగిలో నేను ఆరేళ్లు పనిచేశాను. బెటో ఆడిన ఒలింపికో క్లబ్బు ఆ ఊరిదే. నా షిఫ్టులో పెట్టెలు సర్దిన పోర్చుగీసు మిత్రుడొకడు చుట్టుపక్కల క్లబ్బుల్లో పదమూడు సీజన్లు స్ట్రైకర్‌గా ఆడాడు. నాకు తెలిసిందంతా అతని వెంట తిరిగి తెలుసుకున్నదే.

బెటో కథ నిజమే. 20 ఏళ్ల వయసు దాకా టిరెస్ అనే చిన్న క్లబ్బులో జిల్లా పోటీలు ఆడుతూ, కేఎఫ్‌సీలో పనిచేశాడు. 2018లో మోంటిజోకు వచ్చి ఒక్క సీజన్‌లో 21 గోల్స్ కొట్టాడు. 2019లో పోర్టిమొనెన్స్, 2021లో ఇటలీలో ఉడినేజే, 2023లో ఇంగ్లండ్‌లో ఎవర్టన్. అయితే మీ తమ్ముడు గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. అతను చేతిలో ఉన్న పని వదిలేసి ఆటను వెతుక్కుంటూ పోలేదు. పై మెట్టు నుంచి పిలుపు వచ్చేదాకా రెండూ చేశాడు. పైగా ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, ఆ ఎత్తుతో అంత వేగం. అటువంటి శరీరం అందరికీ రాదు.

మెట్లు ఎన్నో చూడండి. మొదటి, రెండో లీగుల్లో 18 జట్ల చొప్పున ఉంటాయి. వాటి కింద 2021లో మొదలైన లీగా 3, దాని కింద కాంపియోనాటో ద పోర్చుగల్. అట్టడుగున 22 జిల్లా, ద్వీప సంఘాలు నడిపే పోటీలు. మీ తమ్ముడు ఉన్నది అక్కడ. రెండో లీగులో బెన్‌ఫికా, పోర్టో వంటి పెద్ద క్లబ్బుల బి జట్లు, అంటే కుర్రవాళ్ల రెండో జట్లు కూడా ఆడతాయి. అంటే కింద నుంచి కష్టపడి అక్కడిదాకా ఎక్కిన 27 ఏళ్ల స్ట్రైకర్‌కు, చిన్ననాటి నుంచి అకాడమీలో తిని, పడుకుని, ఆడిన 19 ఏళ్ల కుర్రవాడితో పోటీ.

మా మిత్రుడి రోజు ఇలా ఉండేది. ఉదయం ఆరింటికి షిఫ్టు, మధ్యాహ్నం ఇంట్లో రెండు గంటల నిద్ర, రాత్రి ఎనిమిదిన్నరకు ప్రాక్టీసు. ఇంటికి చేరేసరికి పదకొండు దాటేది. పోర్చుగీసులో స్ట్రైకర్‌ను 'పొంట ద లాన్స' అంటారు, బల్లెపు మొన అని అర్థం. గడ్డి లేని మట్టి మైదానాన్ని 'పెలాదు' అంటారు, అంటే బోడిది. బల్లెపు మొన బోడి నేల మీద ఎన్నిసార్లు పడిందో అతని మోకాళ్లు చూస్తే తెలిసేది. ఇప్పుడు చాలా చోట్ల కృత్రిమ గడ్డి వచ్చింది.

డబ్బు సంగతి. అతనికి దక్కింది పెట్రోలు ఖర్చులు, గెలిస్తే కవరులో కొంత. ఒక సీజన్‌లో మూడు నెలలు ఆ కవరు కూడా రాలేదు. అడిగితే క్లబ్బు పెద్దమనిషి భుజం తట్టి కాఫీ ఇప్పించాడట. ఆ కాఫీ గురించి ఇప్పటికీ నవ్వుతూనే చెబుతాడు, నాకైతే నవ్వు రాదు. ఒప్పందాలు ఏడాదికి ఒకటి. మేలో సీజన్ ముగిస్తే జూన్ అంతా ఫోను వైపు చూడడమే. ఇరవై మూడేళ్లప్పుడు పన్నెండు గోల్స్ కొడితే రెండు క్లబ్బులు పిలిచాయని, ముప్పై ఏళ్లప్పుడు అన్నే కొడితే ఎవరూ పిలవలేదని అనేవాడు.

మరి ఎందుకు ఆడతారంటే, పోర్చుగల్ కప్పు చూడాలి. మూడో రౌండులో పెద్ద జట్లు చిన్న జట్ల మైదానాలకు రావలసిందే. 2019 అక్టోబరులో అప్పటి మూడో అంచె జట్టు అల్వెర్కా, లిస్బన్ పెద్ద క్లబ్బు స్పోర్టింగ్‌ను 2-0తో ఓడించింది. మా గిడ్డంగిలో వారం రోజులు అదే మాట. ఆ రోజు గోల్ కొట్టినవారిలో ఒకడు అలెక్స్ అపొలినారియో అనే బ్రెజిల్ కుర్రవాడు. 2021 జనవరిలో అదే జట్టుకు ఆడుతూ గుండె ఆగి మైదానంలో కుప్పకూలాడు. నాలుగు రోజులకు చనిపోయాడు, వయసు 24. ఆ వార్త వచ్చిన రోజు మా మిత్రుడు భోజనం ముట్టలేదు.

కాబట్టి మీ తమ్ముణ్ణి క్లబ్బులో మూడు విషయాలు అడగమనండి. తన పేరు మీద క్రీడా బీమా ఉందా? ఇక్కడ నమోదైన ఆటగాళ్లకు అది తప్పనిసరి. అయినా కాగితం కళ్లతో చూడాలి. వైద్య పరీక్ష నిజంగా చేశారా, లేక సంతకంతో సరిపెట్టారా? ఇస్తామన్న డబ్బు రాతలో ఉందా? నివాస అనుమతి ఉద్యోగం మీద ఆధారపడి ఉంటే, రాజీనామా మాట ఎత్తే ముందు న్యాయవాదిని కలవాలి. పై అంచె నుంచి జీతం రాసిన ఒప్పందం చేతికి వచ్చిన రోజున మళ్లీ ఆలోచించవచ్చు.

మా మిత్రుడు ఇప్పుడు నలభై దాటినవారి జట్టులో ఆడుతున్నాడు, బంతి ఇప్పటికీ ఎవరికీ ఇవ్వడు. మీ తమ్ముడి మ్యాచ్ ఏ ఊళ్లోనో రాయండి. ఆదివారమైతే ఇద్దరం వస్తాం.