కలబంద రాస్తే దురద: గుజ్జు కాదు, పసుపు రసం

చెన్నైలో బాల్కనీ కుండీలోని కలబంద కోసి రాసుకోగానే ముఖం దురద పెడుతోందన్నారు కదా, కారణం చాలావరకు తొక్క కిందుండే పసుపు రసమే. అందులోని అలోయిన్ అనే పదార్థం కొందరి చర్మానికి పడదు.

1. మట్టను మొదలు దగ్గర కోయండి.
2. అందరూ వదిలేసేది ఇదే: కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో 15 నిమిషాలు నిలబెట్టండి. పసుపు రసం చుక్కలుగా దిగుతుంది, ఘాటు వాసన కూడా వస్తుంది. కారడం ఆగేదాకా తొందరపడొద్దు.
3. ముళ్ళు, తొక్క తీసి గుజ్జు కడగండి. ఎక్కడైనా పసుపు చార కనిపిస్తే చెక్కేయండి.
4. మోచేతి మడతలో కొంచెం రాసి, ఒక రోజు ఆగి చూడండి.

అప్పటికీ దురద వస్తే కలబందే మీకు పడదన్నమాట, మానేయండి. ఉల్లి, వెల్లుల్లి పడనివాళ్ళకు ఈ అవకాశం ఉంది.