వాళ్ల బాధలు విని విని నాకే నిద్ర పట్టట్లేదు

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి తిరుపతిలో ఒక స్వచ్ఛంద సంస్థలో మూడేళ్లుగా పనిచేస్తున్నాను. గృహహింస కేసులు చూస్తాను. ఇప్పుడు నా చేతిలో 40 కేసులున్నాయి, రాత్రి ఫోన్లు కూడా నాకే వస్తాయి. నాలుగు నెలలుగా నిద్ర లేదు. ఆ ఆడవాళ్లు చెప్పినవే కళ్ల ముందు తిరుగుతున్నాయి. ఇంట్లో ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే ఉలిక్కిపడుతున్నాను. సెలవు పెడితే తప్పు చేసినట్టు ఉంటోంది. ఆఫీసులో యోగా చేయమన్నారు. నేను ఈ పనికి పనికిరానా డాక్టర్?
- ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఎందుకు పనికిరారు? దెబ్బలు తిన్నవాళ్ల మాటలు రోజూ వింటుంటే వినేవాళ్లకూ ఆ దెబ్బ తగులుతుంది. దీన్ని సెకండరీ ట్రామా అంటాం. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కాలిన గాయాలతో వచ్చిన ఒకమ్మాయిని చూశాక, వారం రోజులు ఇంట్లో స్టవ్ వెలిగించలేకపోయాను. మా సీనియర్ టీకి పిలిచి అరగంట నా చేత మాట్లాడించారు. మీ చదువులో దాన్నే సూపర్‌విజన్ అంటారు. మీకు అలా అడిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

దీంతోపాటు మీలో బర్నవుట్, అంటే పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోవడం కూడా కనిపిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుల్లో చేర్చలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగా అదుపు చేయకపోతే వచ్చే పరిస్థితి అంది. అంటే కారణం సగం మీ ఆఫీసులోనే ఉంది. యోగా మంచిదే, చేయండి. కానీ 40 కేసులూ రాత్రి ఫోన్లూ ఒక్కరి నెత్తిన పెట్టి శ్వాస మీద ధ్యాస పెట్టమంటే ఎలా? కేసులు తగ్గించమని, రాత్రి ఫోన్లు వంతులవారీగా పంచమని, వారానికి ఒకసారి కేసుల గురించి మాట్లాడుకునే సమయం ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా అడిగితే 'చూద్దాంలే' అంటారు. ఆడవాళ్లకు న్యాయం కోసం పనిచేసే చోట, ఆ పని చేసే అమ్మాయికి ఈ మాత్రం న్యాయం ఉండొద్దా?

రాత్రి ఫోన్ చేసేవాళ్లకు 181 మహిళా హెల్ప్‌లైన్ నంబర్ ఇవ్వండి. ప్రాణం మీదికి వస్తే 112. లాయర్ పని కూడా మీరే మోయొద్దు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ మహిళకైనా ఉచితంగా న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పంపండి.

సెలవు సంగతికొస్తే, అలిపిరి మెట్లెక్కేవాళ్లు గాలిగోపురం దగ్గర కూలబడతారు. వీళ్లింక కొండకు రారని ఎవరూ అనుకోరు కదా. ఫోన్ తలగడ కింద పెట్టుకుంటున్నారేమో, ఈ రాత్రి నుంచే హాల్లో పెట్టండి.

మెడికల్ షాపులో నిద్రమాత్రలు అడిగి వేసుకోవద్దు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి, అవి తేడాగా ఉన్నా నీరసం, దిగులు ఉంటాయి. నాలుగు నెలలంటే చిన్న విషయం కాదు కాబట్టి రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో ఒకసారి చూపించుకోండి. కౌన్సెలింగ్‌తో చాలావరకు తగ్గుతుంది, కొందరికి కొన్నాళ్లు మందులు అవసరమవుతాయి. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే మాత్రం ఓపీ రోజు కోసం చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

ఓపీకి వెళ్లేటప్పుడు అమ్మనో స్నేహితురాలినో తోడు తీసుకెళ్లండి. మూడేళ్లుగా అందరికీ మీరే తోడు వెళ్తున్నారు, అందుకే కొంచెం వింతగా ఉంటుంది. ఉండనీండి.
- మానసిక వైద్య నిపుణులు, తిరుపతి